కలివి కోడికి కాస్త కంప మిగలనిద్దాం

చేను పక్కన కంప బీడు కనబడితే మన చెయ్యి ఊరుకోదు. కొట్టేసి, చదును చేసి, నాలుగు నిమ్మ మొక్కలు పెడదామనిపిస్తుంది. తప్పు కాదు, కడుపు నిండాలి కదా! అయితే కడప జిల్లా లంకమల కొండల కింది కంప సంగతి వేరు. అది కలివి కోడి ఇల్లు.

పేరుకు కోడే గానీ ఇది కోడి జాతి కాదు, తీతువుకు దూరపు చుట్టం. జానెడుకు కాస్త పైన ఉంటుంది. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, చీకట్లో చూసేందుకు పెద్ద కళ్లు. పగలు పొదల చాటున ఉండి, పొద్దుగూకాక కాసేపు కూస్తుంది. రాత్రిపూట నేల మీద తిరుగుతూ పురుగులు ఏరుకు తింటుంది.

1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక 86 ఏళ్లు దీని జాడ లేదు. ఇక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు వెతుకుతుంటే, రాత్రి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టింది ఎవరో తెలుసా? అక్కడి పల్లె మనిషే! తర్వాత 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

అభయారణ్యం అనగానే మేకలవాణ్ణి తరిమేస్తే సరిపోదు. పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి, దాని మీద పడిన అడుగుల గుర్తులు చూసి ఒక సంగతి తేల్చారు. పొదలు మరీ దట్టమైనా, మరీ పలచనైనా ఈ పక్షి ఉండదు. తుమ్మ, రేగు, కలివి పొదల నడుమ తిరగడానికి ఖాళీ నేల కావాలి. అంటే మితంగా మేపితే నష్టం లేదు. మందలు మితిమీరినా, కంపంతా వంటచెరకుకు నరికినా, డోజరు దిగినా దానికి నిలువ నీడ ఉండదు. అందుకే మేత, కట్టెల సంగతి అధికారులు ఊళ్లోవాళ్లతో కూర్చుని మాట్లాడి తేల్చాలి.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు ఈ కంపలోకే దిగాయి. తర్వాత కాలువ దారి మార్చారు. నీళ్లూ కావాలి, పక్షీ బతకాలి అనుకుంటే దారి దొరక్కపోదు.

ఇటీవల దాని జాడ దొరకడమే గగనమైంది. కాబట్టి ఆ చుట్టుపక్కల రైతులకు నా మనవి: కొండ వారన ఉన్న కంపను మొదలంటా కొట్టకండి. ఉచ్చులు పెట్టకండి, పెట్టనివ్వకండి. మునిమాపువేళ కొత్త కూత వినబడితే అటవీ శాఖ వారికి కబురు చెప్పండి. ఒకసారి మన పల్లె కన్నే దాన్ని పట్టించింది. ఇప్పుడు కాపాడాల్సిందీ ఆ కన్నే.