గుమ్మము వఱకే న్యాయమా?

గిరిజనులకు కొలువు లిచ్చితిమి, ఇంకేమి కావలయునని మన విద్యాధికులు తఱచుగా ప్రశ్నించుచుందురు. అతిథిని గుమ్మము లోనికి రానిచ్చి, మేడమెట్లకు తాళము వేయుట మర్యాద యగునా యని మేము మాఱు ప్రశ్న వేయుచున్నాము.

ఉద్యోగోన్నతులలో రిజర్వేషను చెల్లదని 1992లో ఇందిరా సహానీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1995లో 77వ రాజ్యాంగ సవరణము షెడ్యూల్డు కులములకును తెగలకును ఆ మార్గమును మరల తెఱచెను. 2006లో నాగరాజ్ తీర్పు దానికి కట్టుబాట్లు విధించెను. 2018లో జర్నైల్ సింగ్ తీర్పు వానిలో కొన్నిటిని సడలించెను. చట్టము సంగతి యిట్లుండగా, కార్యాలయములలో మన నడవడి యెట్లున్నది?

ఎక్కడ విన్నను ‘సామర్థ్యము’ అను మాటయే. రాజ్యాంగము 335వ అధికరణమున పరిపాలనా సామర్థ్యమును పేర్కొన్నమాట నిజమే. కాని దానిని కొలుచు కొలబద్ద యెవరి చేతిలో నున్నది? శ్రీకాకుళపు కొండలనుండి సవర యువకు డొకడు గుమాస్తాగా వచ్చినచో, అతని యాసకు నవ్వుదురు. ఉత్తరువుల చిత్తు వ్రాయనీయక దస్త్రములు మోయింతురు. పదియేండ్లకు ‘అనుభవము చాలదు’ అని నివేదిక వ్రాయుదురు. నేర్పనివాని తప్పు నేరనివాని నేర మెట్లగును?

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి సవరభాష నేర్చిరి. సవర బిడ్డలకు బడులు పెట్టిరి. 1938లో సవర నిఘంటువును వెలువరించిరి. ఆ భాష నేర్చిన పంతులుగారిని మహాపండితులని కొనియాడితిమి, అది న్యాయమే. అదే భాషను తల్లియొడిలో నేర్చి, దానిపై తెలుగును ఇంగ్లీషును గడించినవానిని మాత్రము మందుడనుచున్నాము! ఇంతకన్న వింత గలదా?

మేమును నిర్దోషులము కాము. మాతో పనిచేసిన గిరిజనోపాధ్యాయు డొకరు ఏండ్ల తరబడి చిన్న తరగతులకే పరిమితులైరి. ఆయన యడుగలేదు గనుక ఆయనకు ఆశ లేదనుకొంటిమి. అడిగిన నవ్వుదు రేమోయని ఆయన వెనుదీసినట్లు తరువాత తెలిసి సిగ్గుపడితిమి.

కావలసినది దయ గాదు, పద్ధతి. కొలువున చేరిన దినముననే అనుభవజ్ఞు నొకనిని తోడుగా నియమింపవలయును. పేరు తెచ్చు పనులను వంతులవారీగా పంచవలయును. శాఖాపరీక్షలకు పనివేళలలోనే తరిఫీదు నీయవలయును. నివేదికలోని ప్రతి వ్యాఖ్యను ఉద్యోగికి తెలుపవలెనని 2008లో దేవ్ దత్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పియున్నది. దానిని కాగితమునకే విడువరాదు.

చదువరులారా! మీలో అధికారులు పెక్కుమంది కలరు. ‘అనుభవము చాలదు’ అని వ్రాయుటకు కలము పట్టినపుడు, ఆ యనుభవమును మన మిచ్చితిమా యని ఒక్క క్షణ మాలోచింపుడు.