గెజెట్టు ఎవరి కోసం?

మనకు ముందు తరం విద్యార్థులెవరిని అడిగినా చెబుతారు, గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం చెప్పులరిగేలా తిరిగిన సంగతి. మార్కుల లిస్టు నకలు మీద ఒక సంతకం, కుల ధ్రువపత్రం మీద ఒకటి, ఫోటో మీద సగం, కాగితం మీద సగం పడేట్టు ఇంకొకటి. అదీ ఆకుపచ్చ సిరాతో! ఇప్పుడు చాలా దరఖాస్తులకు ఎవరి సంతకం వాళ్ళు చేసుకుంటే చాలు. అది వేరే విషయం. కాని అన్ని సంతకాలు చేయించుకున్నవాళ్ళలో "గెజిటెడ్ అంటే ఏందండీ?" అని అడిగినవాళ్ళు ఎందరుంటారు?

ఆ ఆఫీసరుగారి నియామకం ప్రభుత్వ గెజెట్టులో అచ్చవుతుంది గనుక ఆయన గెజిటెడ్. అచ్చుకు నోచుకోనివారు నాన్ గెజిటెడ్, అనగా మనం రోజూ పేపర్లో చూసే ఎన్.జీ.వో.లు. లక్షల మంది ప్రభుత్వోద్యోగుల మధ్య గీత గీసింది ఒక పత్రిక పేరు. ఆ పత్రికను కళ్ళతో చూసినవాళ్ళను మాత్రం మన కాలేజీ మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

"సావనీరుకు ప్రేమ కవితో, కట్నం మీద కథో రాయక ఇదేం సబ్జెక్టురా నాయనా!" అని మిత్రులు నవ్వారు. నవ్వనీండి. మన కొలువులు, మన ఊరి రికార్డులు, మన జిల్లా పేరు అన్నీ ఆ పత్రికలో తేలేటప్పుడు, అది మనకు అందదని తెలిసి ఊరుకోవడం ఎలా?

శాసనసభ అనగానే మనకు గుర్తొచ్చేవి కేకలు, వాకౌట్లు, స్పీకరు పోడియం చుట్టూ గుమిగూడిన సభ్యులు. మర్నాడు పేపర్లో మొదటి పేజీ అంతా అదే. అసలు పని లోపల చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఫలానా రూల్సుకు సవరణ సభ ముందుంచారు. ఫలానా సర్వీసు బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. ఈ ఒక్క వాక్యానికి పేపర్లో దొరికే చోటు అంగుళం. దీన్నే "మామూలు సభా కార్యక్రమం" అంటారు. ఆ మామూలు ఎంత పని చేస్తుందో చూడండి.

రాజ్యాంగం 309వ అధికరణం ప్రకారం ప్రభుత్వోద్యోగుల నియామకాలకు, సర్వీసు షరతులకు చట్టసభ చట్టం చేయవచ్చు. అలా చేసేదాకా గవర్నరు పేరిట రూల్సు చేసుకోవచ్చునని ఒక వెసులుబాటు కూడా ఇచ్చింది. ఆ "చేసేదాకా" అన్నది తాత్కాలికమని రాజ్యాంగం రాసినవాళ్ళు అనుకొని ఉంటారు. మన దగ్గర అదే శాశ్వతమై కూర్చుంది. చాలా సర్వీసు రూల్సు ఈనాటికీ ఆ వెసులుబాటు మీదే నడుస్తున్నాయి. సచివాలయంలో ఒక ఫైలు, కింద ఒక సంతకం, గెజెట్టులో ఒక అచ్చు. అంతే, రూలు అమల్లోకి వచ్చినట్టే.

1983 సంగతే తీసుకుందాం. ఆ జనవరి 9న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఏర్పడింది. ఫిబ్రవరి 8న ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. దాని వెంట ఆర్డినెన్సు. ఫిబ్రవరి 28తో 55 దాటినవాళ్ళంతా ఇంటికి! మధ్యలో గడువు ఇరవై రోజులు. సుప్రీంకోర్టు తీర్పులో ఎక్కిన లెక్క ప్రకారం ఇలా పోయినవారు 18 వేల పైచిలుకు ప్రభుత్వోద్యోగులు, వారు కాక 10 వేల మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు. కూతురి పెళ్ళి మరో ఏడాదికి పెట్టుకున్నవాడు, ఇంటి అప్పు వాయిదాలు 58 దాకా లెక్కేసుకున్నవాడు ఇరవై రోజుల్లో ఏం సర్దుకుంటాడు?

కుర్రాళ్ళకు ఉద్యోగాలు రావాలంటే పెద్దవాళ్ళు తప్పుకోవాలి కదా అని మనలో కొందరు అనవచ్చు. అందులో న్యాయం లేకపోలేదు. వయసు 55 ఉండాలా, 58 ఉండాలా అన్నది నా తగాదా కాదు. 1979లో 55 నుంచి 58 చేశారు, 1983లో 55, 1984లో మళ్ళీ 58, రాష్ట్రం విడిపోయాక 2014లో 60, 2022లో 62. ఒక్కో మార్పు వెనుక ఒక్కో కారణం ఉండి ఉండవచ్చు. నేనడిగేది ఒకటే. అంతమంది బతుకులు మార్చే మాట ముందు చట్టసభలో చర్చకు వచ్చి, జనం చదువుకొని, ఆనక అమల్లోకి రావాలా? లేక ముందు అమల్లోకి వచ్చి, ఆనక చర్చకు రావాలా? కోర్టుకు పోతే ఏమయిందంటారా? కె. నాగరాజు కేసులో 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తగ్గింపు రాజ్యాంగ విరుద్ధం కాదని చెప్పింది. అనగా వయసు ఎంత ఉండాలన్నది చట్టసభ, ప్రభుత్వం తేల్చుకోవలసిన పని. ఇక్కడ మనకు మిగిలిన కాపలా సభలో చర్చ, బయట చదివే జనం. ఈ రెండే.

మరుసటేడే ఇంకొకటి. 1984 జనవరి 6న ఒక ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పోస్టులు రద్దయ్యాయి. మా వైపు కరణాలు, మునసబులు, తెలంగాణలో పటేళ్ళు, పట్వారీలు ఒక్క కలంపోటుతో పోయారు. నేను వాళ్ళ వకాల్తా పుచ్చుకోవడం లేదు సుమా! అడంగల్ ఒకరి చంకలో ఉన్నన్నాళ్ళూ ఊరి భూమి ఎవరిదో చెప్పే నోరు కూడా ఆయనదే. ఆ పెత్తనం పోవలసిందే. అయితే పోయిన తీరు చూడండి. ఆర్డినెన్సు అంటే సభ లేనప్పుడు అత్యవసరానికి గవర్నరు చేసేది. సభ కూడిన ఆరు వారాలకు దాని ఆయువు తీరుతుంది. ఇక్కడ ఒక ఆర్డినెన్సు తీరితే మరొకటి, అదీ తీరితే ఇంకొకటి. చట్టం రూపం వచ్చేసరికి 1985. దాన్నీ సుప్రీంకోర్టు నిలబెట్టింది. మంచి పనికి కూడా ఇంత అడ్డదారి అవసరమా అన్నదే నా సందేహం. మంచి పనికి వేసిన అడ్డదారిలో రేపు చెడ్డ పని కూడా నడిచి వస్తుంది.

ఇక అచ్చు సంగతి. అచ్చు పడకపోతే చట్టం ఏమవుతుంది? దీనికి సుప్రీంకోర్టు 1951లోనే జవాబు చెప్పింది. జయపూరు సంస్థానంలో 1923లో మంత్రుల మండలి నల్లమందు చట్టం ఒకటి తీర్మానించింది. తీర్మానం పుస్తకంలో ఉండిపోయింది. గెజెట్టులో వేయలేదు, మరో విధంగా చాటనూ లేదు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ చట్టం కింద ఒకాయనకు 50 రూపాయల జరిమానా వేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. జనానికి తెలియజేయని చట్టం చట్టం కాదు, తెలుసుకునే దారే లేనివాణ్ణి దాని పేర శిక్షించడం న్యాయం కాదు అని జస్టిస్ వివియన్ బోస్ తేల్చారు. హర్లా కేసు అంటారు దాన్ని. 50 రూపాయల జరిమానా మీద పుట్టిన ఎంత గొప్ప మాట!

ఈ మాటను పట్టుకొని ఒక అడుగు ముందుకు వేద్దాం. అచ్చు వేశారు సరే. అర్థం కాని భాషలో వేస్తే? మన రాష్ట్రంలో 1966లోనే అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడితే, మన సత్తెనపల్లి వావిలాల గోపాలకృష్ణయ్యగారు దాని తొలి అధ్యక్షులయ్యారు. ఇంత జరిగినా 348వ అధికరణంలో ఒక మెలిక ఉంది. రాష్ట్రం తన భాషలో చట్టం చేసినా, గవర్నరు అధికారంతో గెజెట్టులో పడిన ఇంగ్లీషు అనువాదమే ప్రామాణిక పాఠం. అనగా తెలుగులో మూలం రాసుకున్నా, కోర్టులో తగాదా వస్తే అనువాదానిదే పైచేయి! బిడ్డ మనదే గాని పేరు పెట్టే హక్కు మనకు లేదన్నమాట. ఈ మెలిక విప్పడం పార్లమెంటు పని. కాని గెజెట్టులో పడే ప్రతి నోటిఫికేషన్ పక్కన తేట తెలుగు పాఠం వేయడానికి ఏ అధికరణం అడ్డు? నేను తిరగేసిన సంచికల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషే. ఒక కార్యాలయంలో తెలుగు ప్రతి ఉందా అని అడిగితే, "నెట్‌లో చూసుకో బాబూ" అన్నారు. నెట్‌లో ఉన్నదీ ఆ ఇంగ్లీషే.

నెట్ అనగానే మరో మాట. భారత ప్రభుత్వ గెజెట్టు 2015 అక్టోబరు 1 నుంచి కాగితం మానేసి ఎలక్ట్రానిక్ రూపానికి మారింది. 2017లో కేంద్ర ప్రభుత్వ ముద్రణాలయాలు పదిహేడింటిని అయిదుగా కలిపేయడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఉద్యోగాలు తీయబోమన్నారు. మంచిదే. సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్ల కాలం ఎలాగూ పోయింది. కాలం మారితే పనిముట్టు మారుతుంది, దానికి ఏడవనక్కరలేదు. అయితే కాగితానికి ఒక గుణం ఉంది. ఒకసారి అచ్చయి ఊళ్ళకు చేరినదాన్ని వెనక్కి లాక్కోవడం ఎవరి తరమూ కాదు. కంప్యూటరులో పెట్టినదాన్ని ఒక్క ఉత్తర్వుతో మూసెయ్యవచ్చు. మన రాష్ట్రంలో అదీ చూశాం. 2021 ఆగస్టులో జీవోలను అందరూ చూసే వెబ్‌సైటులో పెట్టడం ఆపేశారు. తరవాత ఈ-గెజెట్టులో పెడతామన్నారు. 2024 ఆగస్టులో ప్రభుత్వం మారాక పాత వెబ్‌సైటు మళ్ళీ తెరిచారు. తెరిచినందుకు సంతోషం. కాని తెరవడమూ మూయడమూ ఏలేవారి ఇష్టమైతే, అది మన హక్కు ఎట్లా అవుతుంది? 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షను, అడగకముందే వివరాలు బయటపెట్టమని ప్రభుత్వ కార్యాలయాలకు చెబుతోంది కదా!

"గెజెట్టుతో పల్లెటూరివాళ్ళకు పనేముందోయ్?" అంటారా? మాది మార్టూరు. చిలకలూరిపేట దాటి ఒంగోలు పోయే హైవే మీద ఊరు. పత్తి, మిరప పండించే నేల, పక్కనే గ్రానైటు పలకలు కోసే మిషన్ల రొద. ఊరు పుట్టిన చోటు నుంచి అంగుళం కదల్లేదు. గెజెట్టు మాత్రం కదిలింది. 1970 ఫిబ్రవరి 2కు ముందు మేము గుంటూరు జిల్లావాళ్ళం. ఆ రోజు నుంచి ఒంగోలు జిల్లా, 1972 నుంచి ప్రకాశం జిల్లా. 1985లో తాలూకాలు పోయి మండలాలు వస్తే మార్టూరు మండల కేంద్రమయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఈ కడపటి మార్పుకు ఆ జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ అచ్చువేసి, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పుకోమన్నారు. ఎక్కడికి పోయి కలెక్టరుగారిని కలవాలి, పాసు పుస్తకం మీద ఏ జిల్లా ఉండాలి, కొలువుల్లో పిల్లవాడు ఏ జిల్లాకు లోకల్ అన్నవన్నీ దాంతో ముడిపడినవే. మా ఊళ్ళో ఆ ముసాయిదా పాఠం చదివి మాట్లాడినవాణ్ణి నేను చూడలేదు. "ఏంది, మళ్ళా జిల్లా మారిందంటగా!" అన్నవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. చెప్పుకోమని 30 రోజులు గడువిచ్చారు. ఏమని చెప్పుకోవాలో తెలిపే కాగితం మాత్రం ఊరు చేరలేదు.

ఎవడు చదువుతాడు గెజెట్టు అన్న ప్రశ్నకు కూడా జవాబుంది. పుణె గోఖలే సంస్థలో డి.సి. వాధ్వా అనే ఆర్థికశాస్త్ర ఆచార్యులు ఉండేవారు. బీహారు భూమి వ్యవస్థ మీద పరిశోధన చేస్తూ, అక్కడి గెజెట్టులు ఓపికగా తిరగేశారు. చూస్తే ఏముంది? 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు, సభ ముందుకు రాకుండానే మళ్ళీ మళ్ళీ జారీ అయి బతుకుతున్నాయి. కొన్నిటి వయసు పద్నాలుగేళ్ళు! ఆయన పుస్తకం రాశారు, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇది రాజ్యాంగాన్ని మోసగించడమేనని 1986 డిసెంబరులో కోర్టు చెప్పి, ఆయనకు ఖర్చుల కింద పది వేలు ఇప్పించింది. అన్నేళ్ళూ అది రహస్యంగా జరిగింది కాదు. ప్రతి ఒక్కటీ అచ్చయిందే. చదివినవాడు లేక సాగింది, చదివినవాడు ఒక్కడు తేలేసరికి కోర్టు బోనెక్కింది.

మిత్రులారా, అందుచేత మన యూనియన్ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. మొదటిది, మన కాలేజీ లైబ్రరీలో రాష్ట్ర రాజపత్రానికి ఒక అర కేటాయించాలి. ఆన్‌లైన్‌లో వచ్చేదాన్ని కాగితం మీదికి దించి, వారం వారం అక్కడ పెట్టాలి. రెండవది, సెలవులకు ఊరు పోయినప్పుడు మన మండలానికి సంబంధించిన నోటిఫికేషన్లను నాలుగు తెలుగు వాక్యాల్లో రాసి శాఖా గ్రంథాలయంలో అంటించాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనవాళ్ళే. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టిన ప్రాంతం మనది. పత్రికలు దాచి, చదివి, చదివించిన అలవాటు మనకు కొత్తది కాదు. మూడవది, ఉద్యోగుల సర్వీసు గాని, గ్రామ రికార్డులు గాని మార్చే ప్రతి ముసాయిదానూ తెలుగులో అచ్చువేసి, కనీసం 30 రోజులు జనం ముందుంచాలని ప్రభుత్వానికి తీర్మానం పంపాలి.

ఇవి పెద్ద విప్లవాలేమీ కావు. నినాదం లేదు, ఊరేగింపు లేదు. వారానికి ఒక గంట, ఒక అర, నాలుగు వాక్యాలు. రేపు మనలో కొందరం ఆ రూల్సు కింద ఉద్యోగులం అవుతాం. ఇంకొందరం ఆ రూల్సు రాసే కుర్చీల్లో కూడా కూర్చోవచ్చు. మామూలు పని అని సభలో చేతులు దులుపుకొనే కాగితాన్ని, ఊళ్ళో ఒకడు కూర్చొని చదువుతున్నాడని తెలిస్తే చాలు. రాసేవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకొని రాస్తారు.