క్రియ తారుమారైతే హక్కు తారుమారు



మా మదర్సాలో చదువుకొని ప్రస్తుతం సౌదీలో పనిచేస్తున్న ఒక యువకుడు ఇటీవల ఫోన్ చేసి, మిక్కిలి బాధతో ఒక సంగతి చెప్పాడు. ఇంటికి అత్యవసరంగా డబ్బు పంపవలసి రాగా, అతడు తోటి ఉద్యోగి అయిన ఒక కేరళ సోదరుని వద్ద 2,000 రియాళ్ళు అప్పు తీసుకున్నాడు. అప్పును వ్రాసిపెట్టుకోవాలన్న దైవాజ్ఞ గుర్తుకు వచ్చి, ఆ రాత్రే అతనికి ఇంగ్లీషులో సందేశం పంపాడు. సంకల్పం ఉత్తమమైనదే. కానీ ‘ఐ బారోడ్’ అని వ్రాయవలసిన చోట ‘ఐ లెంట్ యూ’ అని వ్రాశాడు. అంటే ‘నేను నీకు అప్పు ఇచ్చాను’ అని! అప్పు ఇచ్చిన మనిషే బాకీదారుడైపోయాడు. ఆ సోదరుడు మనసు నొచ్చుకొని పది రోజులు పలకలేదు. చివరకు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకున్న తరువాతనే అపార్థం తొలగింది. “ఉస్తాద్, ఒక్క మాటకే ఇంత జరుగుతుందా?” అని అతడు అడిగాడు.

జరుగుతుంది. క్రియ కేవలం పనిని మాత్రమే తెలుపదు. ఆ పని ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఎలా చేశారు అన్నది కూడా తెలుపుతుంది. అందుచేత మన ఇళ్ళలో పిల్లలూ పెద్దలూ తరచుగా తికమకపడే కొన్ని ఇంగ్లీషు క్రియలను ఈ నెల పరిశీలిద్దాం.

మొదటిది బారో, లెండ్ జంట. తెలుగులో ‘అప్పు’, ఉర్దూలో ‘ఖర్జ్’ అనే పదం రెండు పక్షాలకూ ఒకటే. ‘తీసుకున్నాను’, ‘ఇచ్చాను’ అనే మాట పక్కన చేరినప్పుడే అది ఎటు నుండి ఎటు వెళ్ళిందో తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ దిశ క్రియలోనే ఇమిడి ఉంది. తీసుకుంటే బారో, ఇస్తే లెండ్. ఒకరి నుండి తీసుకుంటాము కనుక బారో వెంట ‘ఫ్రమ్’ వస్తుంది. ఒకరికి ఇస్తాము కనుక లెండ్ వెంట ‘టు’ వస్తుంది, లేదా ఆ వ్యక్తి పేరే నేరుగా వస్తుంది. అరబీ విద్యార్థులకు ఇది కొత్త కాదు. ‘అఖ్రద’ అంటే అప్పు ఇచ్చాడు, ‘ఇఖ్తరద’ అంటే అప్పు తీసుకున్నాడు. ధాతువు ఒకటే అయినా రూపం మారగానే ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు మారిపోతారు.

దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్, అంటే బఖరా సూరా 282వ ఆయత్, అప్పు పత్రాన్ని గురించినదే. పత్రంలోని మాటలను చెప్పి వ్రాయించే బాధ్యతను అది అప్పు తీసుకున్నవానిపై ఉంచింది. ఎవరిపై హక్కు ఉన్నదో, ఒప్పుకోలు అతని నోటి నుండే రావాలి. ఆ విధంగా చూస్తే మన యువకుడు తానే వ్రాయడం సరైన పనే. క్రియ ఒక్కటే ఎదురు తిరిగింది.

రెండవ జంట సే, టెల్. తెలుగులో రెండింటికీ ‘చెప్పు’ అనే అంటాము. అందువలన మన పిల్లలు ‘హి సెడ్ మి’ అనో, ‘హి టోల్డ్ టు మి’ అనో అంటారు. రెండూ తప్పులే. ‘హి సెడ్ టు మి’, ‘హి టోల్డ్ మి’ అనాలి. దీనికి కూడా అరబీలో మంచి పోలిక ఉంది. ‘ఖాల లీ’ అన్నప్పుడు మధ్యలో ‘లామ్’ వస్తుంది. సే వెంట వచ్చే ‘టు’ అటువంటిదే. ‘అఖ్బరనీ’ అన్నప్పుడు వినే వ్యక్తి నేరుగా క్రియకే అతుక్కుంటాడు. టెల్ కూడా అంతే. సలామ్ చెప్పడానికి సే వాడాలి. నిజం చెప్పడానికీ, అబద్ధం చెప్పడానికీ టెల్ వాడాలి.

‘చెప్పారు’ అనే మాటలో ఇంత పట్టింపు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. హదీసు వేత్తలను చూడండి. గురువు చదువుతుండగా శిష్యులు విన్నట్లయితే ‘హద్దసనా’ అని, శిష్యుడు చదువుతుండగా గురువు విన్నట్లయితే ‘అఖ్బరనా’ అని వేరుచేసి చెప్పే పద్ధతిని ఇమామ్ ముస్లిం (రహ్మ) ఎంతో శ్రద్ధగా పాటించారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఆ రెండింటినీ సమానంగానే పరిగణించారు. అభిప్రాయం ఏదైనా, ఒక క్రియ గురించి అంతటి మహనీయులు ఆలోచించారంటే మాట వారికి అమానత్ కనుకనే.

మూడవది హియర్, లిజన్. మన తెలుగులోనే ఈ భేదం దాగి ఉంది. అనుకోకుండా చెవిన పడితే హియర్, మనసు పెట్టి ఆలకిస్తే లిజన్. లిజన్ వెంట ‘టు’ తప్పనిసరి, హియర్‌కు అక్కరలేదు. అరబీలో ‘సమిఅ’, ‘ఇస్తమఅ’ అనే క్రియల మధ్య ఉన్న భేదం ఇదే. ఫిఖ్హ్‌లో దీనిపై ఆదేశాలు కూడా మారుతాయి. సజ్దా ఆయత్‌ను ఆలకించినా, అనుకోకుండా చెవిన పడినా హనఫీ మజ్హబ్‌లో సజ్దా వాజిబ్. హంబలీ మజ్హబ్‌లో అది ఆలకించిన వానికే సున్నత్, కేవలం చెవిన పడిన వానికి కాదు.

చూపుకు సంబంధించిన మూడు క్రియలూ ఇటువంటివే. కంటికి కనబడితే సీ, దృష్టి సారిస్తే లుక్, కదలికను గమనిస్తూ ఉంటే వాచ్. నెలవంక కోసం ఆకాశం వైపు చేసేది లుక్. నెలవంక కనబడినప్పుడు అది సీ.

తల్లిదండ్రులకు ఒక సూచన. రాత్రి భోజనాల వేళ పిల్లలచేత ఆ రోజు జరిగిన రెండు విషయాలను ఇంగ్లీషులో చెప్పించండి. ఎవరి వద్ద పెన్ను తీసుకున్నారు? టీచర్ ఏమి చెప్పారు? ప్రతి వాక్యం తరువాత ‘ఎవరు? ఎవరికి?’ అని అడగండి. తప్పు చెబితే నవ్వకండి, సరైన మాటను మరొకసారి పలికించండి. అప్పు, అద్దె, జీతం వంటి విషయాలు వ్రాసినప్పుడు మాత్రం పంపే ముందు తెలిసినవారికి ఒకసారి చూపించడం మేలు. అడగడంలో అవమానం లేదు. అడగకపోవడం వలన ఒకరి హక్కు తారుమారు కావచ్చు.

ఆ యువకుడు సరిదిద్దిన వాక్యాన్ని అదే ఫోనులో మళ్ళీ పంపాడు. ఈసారి మొత్తంతో పాటు తిరిగి చెల్లించవలసిన తేదీ కూడా వ్రాశాడు.

ఏ భాషలో మాట్లాడినా సూటిగా, సత్యంగా పలికే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.