సింహమీనమునకు తగిన పొత్తు



గత మాసమున మాకు చేరిన జాబులలో అమెరికాలో కాపురముండు ఒక సోదరి జాబు మమ్ము చాల ఆలోచింపజేసినది. ఆమె కుమారునికి పదునాలుగేండ్లు. ఇంట 200 లీటర్ల ఉప్పునీటి గాజుతొట్టి నుంచుకొని, అందు రెండు క్లౌను చేపలను, ఒక రొయ్యను, కొన్ని మెత్తని పగడములను శ్రద్ధగా పెంచుచున్నాడట. ఇటీవల తాను కూడబెట్టుకొన్న పైకముతో లయన్‌ఫిష్ అను చేపపిల్లను కొనితెచ్చినాడు. అది ఇప్పుడు వ్రేలెడు మాత్రమే యున్నదట. "ఇవి కలిసి యుండునా? ఏ పగడములు దానికి తగును? ఇంట రెండేండ్ల పాప గలదు; అత్తగారు భయపడుచున్నారు. పిల్లవాని మనసు నొప్పించుటకును చేతులు రాకున్నవి" అని ఆమె వ్రాసినారు. ఇట్టి తొట్టులు నేడు మన పట్టణములలోను కానవచ్చుచున్నవి గావున, సమాధానము నిచటనే వ్రాయుచున్నాము.

ఈ చేపను మేము సింహమీన మందుము. జూలు వలె విప్పారిన రెక్కలును, ఎఱుపు తెలుపు చారలును గలిగి, నీటిలో తేలుచు వచ్చునపుడు పల్లకిలో నూరేగు రాణివలె నుండును. హిందూమహాసముద్రమును, పశ్చిమ పసిఫిక్ సముద్రమును దీని పుట్టినిండ్లు. మన బంగాళాఖాతమునందును దీని జాతివారు కలరు. అయితే ఆ సొగసు వెనుక వీపున 13, పొట్టయొద్ద 2, తోకకు ముందు క్రిందివైపున 3, మొత్తము 18 విషపు ముండ్లు దాగియున్నవి. పూర్తిగా నెదిగిన పెద్దజాతి సింహమీనము 38 సెంటీమీటర్ల వరకు పెరుగును. నేడు వ్రేలెడుగా నున్నదని మురియుట పనికిరాదు.

చిన్నయసూరిగారి నీతిచంద్రికలో మిత్రలాభము చదివిన సోదరీమణులకు కాకికిని ఎలుకకును జరిగిన సంభాషణ జ్ఞప్తికి రాగలదు. తాను ఆహారమును, కాకి దానిని తినునదియు నైనప్పుడు నెయ్య మెట్లు పొసగునని ఎలుక మొదట శంకించినది. కథలో కాకి మనసు మంచిదగుటచే చెలిమి కుదిరినది. సింహమీనమునకు మంచి చెడ్డలతో పని లేదు. దాని నోటిలో పట్టునదంతయు ఆహారమే. తన నిడివిలో సగమునకు మించిన చేపను గూడ నమాంతముగా మ్రింగగలదు. పగలు రాతిచాటున కదలక మెదలక యుండి, మునిమాపు వేళ వేటకు బయలుదేరును. అందుచే పగలెల్ల కలిసి మెలిసి యున్నట్లు కానవచ్చిన తొట్టిలో, తెల్లవారి చూచునప్పటికి ఒక చేప తగ్గును. క్లౌను చేపలు, డామ్‌సెల్ చేపలు, గోబీలు, రొయ్యలు, చిన్న పీతలు దీనితో నుంచుట వానిని దానికి వండి పెట్టుటయే.

ఇక పెద్ద చేపలన్నియు తగునా యనిన, అదియు కాదు. ట్రిగ్గర్ చేపలు, పఫర్ చేపలు దీని పొడుగు రెక్కలను కొఱికి పీలికలు చేయును. పెద్ద ఏంజెల్ చేపలలో కొన్ని యట్లే పొడుచును. సింహమీనము నిదానముగా తినునది గావున, తొందరపాటు చేపల నడుమ దానికి కూడు దక్కదు. నోట పట్టనంత పెద్దవియు, రెక్కల జోలికి పోనివియు నగు చేపలే తగిన పొత్తు. నాచు మేయు రాబిట్ చేప, సర్జన్ చేప, పెద్ద స్క్విరల్ చేప ఇట్టివి. రాబిట్ చేపకును విషపు ముండ్లున్నవి గావున తొట్టిలో చేయి పెట్టువారు దానిని గూడ మరువరాదు. ఇవన్నియు కలసి మెలగుటకు 450 లీటర్ల తొట్టియైనను కావలయును. అంత చోటు లేనివారికి మరుగుజ్జు సింహమీనములు కలవు. అవి జానెడుకు మించవు. 200 లీటర్లలో నొక్కటి బ్రతుకగలదు. కాని రొయ్యల విషయమున వానిని గూడ నమ్మరాదు.

పగడముల మాట. మనము మెడలో ధరించు ఎఱ్ఱపగడము మధ్యధరాసముద్రమున పుట్టు ఒక ప్రాణిసమూహము కట్టుకొన్న గట్టి గూడు. తొట్టిలోని పగడములును మొక్కలు కావు. వేనవేలు చిన్న ప్రాణులు కలసి చేయు కాపురములు. సింహమీనము వీనిని తినదు. అయితే మాంసము భుజించు పెద్ద చేప విడుచు మలినముచే నీటిలో నైట్రేటు పెరుగును. కొమ్మలవలె నుండు అక్రోపొరా వంటి సుకుమారపు గట్టి పగడములు దానికి తాళలేవు. పైగా వానికి తీవ్రమైన వెలుతురు కావలయును, ఈ చేపకు నీడ యిష్టము. కావున పుట్టగొడుగు పగడములు, తోలు పగడములు అనబడు మెత్తనివానిని ఎన్నుకొనుట మేలు. వీనిలోను ఏనుగుచెవి యను పెద్ద పుట్టగొడుగు చేపలను మూసిపట్టి మ్రింగగలదు. పెద్ద సముద్రపు ఎనిమనీలు కుట్టి చంపగలవు. వానిని విడువుడు. జబ్బు చేసినప్పుడు పగడములున్న తొట్టిలో రాగి కలిసిన మందు వేయరాదు. చేప బాగుపడినను పగడములు చచ్చును.

జోయాంథిడ్ అను రంగురంగుల గుండీలవంటి పగడములను అంగళ్లవారు మొదట చూపుదురు. వీనిలో కొన్నిటియందు పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. అవి పట్టిన రాళ్లను శుభ్రము చేయుటకై మరిగించి, ఆ యావిరి పీల్చి ఇంటిల్లిపాదియు ఆసుపత్రి పాలైన సందర్భములు కలవు. పసిబిడ్డ లున్న యింట వానికి చోటీయకుండుటే మా సలహా.

ఆహారముగా బంగారుచేపలను వేయుట కొందరి యలవాటు. వానిలోని కొవ్వును, బి1 విటమినును చెఱచు పదార్థమును సింహమీనమును క్రమముగా క్షీణింపజేయును. రొయ్య, సముద్రపు చేప ముక్కలను మార్చి మార్చి, పొడుగు పటకారుతో అందించి అలవాటు చేయవలెను. ఎదిగినదానికి వారమునకు రెండు మూడు మారులు చాలును.

ముల్లు గ్రుచ్చుకొన్నచో బాధ దుస్సహము. తాడు కట్టుట, గాటు పెట్టుట, పసరులు పూయుట తగదు. ఆ విషము వేడిమికి చెడునది గావున, సుమారు 45 డిగ్రీల వేడినీటిలో 30 మొదలు 90 నిమిషముల వరకు ఆ భాగమును ముంచి యుంచవలెను. మొద్దుబారిన చేతికి వేడి తెలియదు. ముందు గాయపడని చేతితో నీటిని పరీక్షించి చూడుడు. పిమ్మట వైద్యునికి చూపవలెను. ఊపిరి యాడకున్నను, స్మృతి తప్పినను క్షణమాలసింపక ఆసుపత్రికి గొనిపోవలెను.

పెంచలేనివారు కొందరు జాలిచే చేపను సముద్రమున విడుచుట కలదు. అది జాలి కాదు. తనది కాని అట్లాంటిక్ జలములలో, ఫ్లారిడా తీరమున, 1985లో సింహమీనము తొలిసారి కానవచ్చినది. పెంపకపు చేపలను విడుచుటయే మూలమని పండితులు భావించుచున్నారు. ఒక ఆడుచేప ఏడాదికి ఇరువది లక్షల వరకు గ్రుడ్లు పెట్టగలదు. బహామా దీవులలో జరిపి 2008లో ప్రకటించిన ఒక పరీక్షలో, సింహమీన మున్న చిన్న పగడపు దిబ్బలపై క్రొత్తగా చేరు చేపపిల్లలు అయిదు వారములలో 79 శాతము తగ్గినవి. 2014లో ఫ్లారిడా ప్రభుత్వము సజీవ సింహమీనముల దిగుమతిని నిషేధించినది. మన దేశమున నున్న సోదరీమణులు మరియొకటి గుర్తుంచుకొనవలెను: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద గట్టి పగడములకు రక్షణ కలదు. మన సముద్రమునుండి వానిని తీయుటయు, అమ్ముటయు నేరము.

కాబట్టి జాబు వ్రాసిన సోదరికి మా మాట యిది. ఆ తొట్టిలో ఆ చేప యుండరాదు. తొట్టి చాలదు, తోడివి దానికి ఆహారము, పాప చేయి ఎప్పుడే మూల చేరునో తెలియదు. కొన్న యంగడికే తిరిగి యీయుడు. పైకము రాకున్నను ఈయుడు. ఆ లోపల మూతకు తాళము వేసి, ప్రక్కనున్న పీటలు, కుర్చీలు తీసివేయుడు. పిల్లవానిపై కోపపడవలదు. ఒక కొలబద్ద నిచ్చి తొట్టిపై 38 సెంటీమీటర్లు కొలిపించుడు. క్లౌను చేపల నిడివిని వ్రాయించుడు. ఆ లెక్క వానికే బోధపడును. పెద్దవాడై, పెద్ద తొట్టి సమకూర్చుకొని, ఇంట పసివా రెదిగిన పిదప కావలసిన చేపను తెచ్చుకొనవచ్చును. అంతవరకు ఆ రెండు క్లౌను చేపలును, రొయ్యయు వాని పోషణలో సుఖముగా నుండుగాక.

ఇట్టి సందేహములు గల సోదరీమణులు తొట్టి కొలతను, ఇంట నున్న పిల్లల వయసును తప్పక తెలుపుచు మాకు వ్రాయ ప్రార్థన.