కౌన్సెలింగ్ అంటే సీటు ఒక్కటేనా?

పోయినేడాది మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ప్రతి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అనేది. మొదట వాము నీళ్ళు తాగించాను. తర్వాత దిష్టి తీశాను. బడి ఎగ్గొట్టడానికి వేషాలని ఒకరోజు తిట్టాను కూడా. ఆ తిట్టు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, "కడుపులో ఏమీ లేదమ్మా, సోమవారం బడిలో ఏం జరుగుతుందో కనుక్కోండి" అన్నారు. నేను అడిగితే అది నోరు విప్పలేదు. చివరికి చెప్పింది ఎవరో తెలుసా? బడిలో పనిచేసే ఆయమ్మ. "పాప మధ్యాన్నం నా దగ్గరే కూర్చుని అన్నం తింటాదమ్మా. సెక్షన్ మార్చేశారంట, పాత స్నేహితుల దగ్గరికెళ్ళడానికి సిగ్గంట" అంది.

సంగతేమిటంటే, శనివారం వీక్లీ టెస్టు పెడతారు. సోమవారం మార్కుల జాబితా గోడకు అంటిస్తారు. దాన్నిబట్టి సెక్షన్లు మారుస్తారు. పదమూడేళ్ళ పిల్ల తన పేరు ఎక్కడుందో అందరి ముందూ వెతుక్కోవాలి. కడుపునొప్పి రాక ఏమొస్తుంది?

పేరెంట్స్ మీటింగుకి వెళ్ళాను. టీచరు ఐదు నిమిషాలూ మార్కుల గురించే చెప్పారు. ఆవిణ్ణి తప్పు పట్టను, అరవై మంది పిల్లలు ఆవిడకి. "మా అమ్మాయి ఎవరితో కూర్చుని అన్నం తింటోందండీ?" అని అడిగితే తెల్లబోయారు. బడిలో కౌన్సెలర్ ఉన్నారా అని ఆఫీసులో అడిగాను. "ఉన్నారండీ, ఇంటర్ అడ్మిషన్ల గురించేనా?" అన్నారు!

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ సీటు. లేదంటే మార్కులు తగ్గాయని పిల్లనీ తల్లినీ నిలబెట్టి క్లాసు పీకడం. పిల్ల మాట వినడానికి ఒక మనిషి ఉండాలని బడి అనుకోదు. నిజం చెప్పాలంటే మనమూ అడగం. బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏసీ ఉందా, ఎన్ని ర్యాంకులొచ్చాయి అని అడిగి ఫీజు కట్టేస్తాం.

విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన 17 ఏళ్ళ అమ్మాయి మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు పైబడి విద్యార్థులున్న చోట కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో ఉండాలంది. అంతకన్నా చిన్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలంది. మార్కులనిబట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దనీ, అందరి ముందూ అవమానించొద్దనీ చెప్పింది. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పాఠాలు చెప్పేవాళ్ళకే కాదు, మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలట. అంటే మా ఆయమ్మకి కూడా! ఏ శిక్షణా లేకుండానే నా బిడ్డ బాధ కనిపెట్టిన మనిషి ఆవిడ.

"మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?" అంటారు మా అత్తగారు. లేవు అత్తయ్యా, నిజమే. కానీ అప్పుడు బడి నుంచి రాగానే అరుగు మీద నాయనమ్మ ఉండేది, పక్కింటి పిన్ని ఉండేది. ఎవరో ఒకరు "ఏమ్మా, మొహం అలా ఉందేం?" అనేవారు. ఇప్పుడు పిల్లలు రాత్రి ఏడింటికి స్టడీ అవర్ నుంచి వస్తారు. హాస్టల్లో ఉంటే ఆ మాటకూ దిక్కులేదు. వారానికొక ఫోను, అందులో మన మొదటి ప్రశ్న "టెస్టులో ఎన్నొచ్చాయి?"

ఇంకో భయం కూడా ఉంది మనకి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళిందని తెలిస్తే పిచ్చి అంటారేమో, రేపు పెళ్ళికి అడ్డొస్తుందేమో అని. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పంపడానికి ఎవరినీ అడగం కదా, ఇదీ అంతే. అయితే పిల్ల చెప్పింది స్టాఫ్ రూములో కబురుగా తిరగకూడదు. ఆ హామీ బడి నుంచి మనం అడిగి తీసుకోవాలి.

మేం నలుగురు అమ్మలం కలిసి ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాశాం. జాబితా గోడకు అంటించడం మానేశారు. కౌన్సెలర్ మాత్రం ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం. మా అమ్మాయికి కడుపునొప్పి తగ్గింది, పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను.

ఈసారి మీటింగుకి వెళ్ళినప్పుడు మీరూ అడగండి, "మా పిల్లల మాట వినే మనిషి మీ బడిలో ఎవరు?" అని. ఆ మనిషి వచ్చేలోగా టెలి మానస్ నంబరు 14416 ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇక సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే మార్కులు అడగకండి. ఎవరితో కూర్చుని అన్నం తిందో అడగండి.