చెట్టు, పిల్లి, పండుగ

డిసెంబరు వచ్చిందంటే గుంటూరు నుంచి డల్లాస్ దాకా మన ఇళ్లలో క్రిస్మస్ చెట్లు వెలుస్తాయి. సరుగుడు కొమ్మయినా ప్లాస్టిక్‌దైనా పిల్లికి ఒకటే, అది ఎక్కడానికే పెట్టారనుకుంటుంది. దాన్ని అదిలించి లాభం లేదు. చెట్టు మొదలు బరువుగా ఉంచి, నడిమికి తాడు కట్టి కిటికీ ఊచకు బిగించండి. గాజు బంతులు పైకొమ్మలకే.

అసలు భయం మెరుపు తోరణాలతోనే. ఆ సన్నని పోగును పిల్లి నమిలి మింగితే ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటుంది, మిగతాది పేగుల్లోకి జారుతుంది. పేగు దాన్ని ముందుకు తోయబోయి తానే కుచ్చిళ్లుగా ముడుచుకుపోతుంది, ఒక్కోసారి కోసుకుపోతుంది. అప్పుడు చాలాసార్లు ఆపరేషనే దిక్కు. నోటి నుంచో వెనక నుంచో కొస కనబడితే లాగకండి, వెంటనే పశువైద్యుడికి చూపించండి.

ఇంకొకటి: బొకేల్లో వచ్చే ఏషియాటిక్, ఓరియంటల్ లిల్లీలు (మన దండల్లో గుచ్చేవి కావు). వాటి పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. రాత్రి పడుకునేముందు సీరియల్ లైట్ల ప్లగ్గు తీసేయడం ఎలాగూ మంచిదే.

కథలూ కేకు వంటకాలూ ఈ సంచిక లోపల ఉన్నాయి, తీరిగ్గా చదవండి. పిల్లి ఉన్న ఇంటికి మాత్రం మెరుపు తోరణం కొనకండి.