సేవ పేరుతో దాచిన జ్ఞానం

"నర్సులకు సిద్ధాంతాలెందుకు? చెప్పింది చేస్తే చాలదా?" ఇరవయ్యేళ్ళుగా ఈ మాట వింటున్నాను. అనేది డాక్టర్లే కాదు. "ముందు జీతాలు, డ్యూటీ గంటల సంగతి చూద్దాం, సిద్ధాంతాలు తర్వాత" అనే మిత్రులు మన సమావేశాల్లోనూ ఉన్నారు. ఈ రెండూ వేరు కావని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తల్లో ఒక రాత్రి, ఆపరేషనైన ఒకామె ముఖం చూస్తే నాకేదో తేడాగా అనిపించింది. బి.పి., నాడి సరిగానే ఉన్నాయి. డ్యూటీ డాక్టరుకు చెబితే "అన్నీ బాగానే ఉన్నాయిగా" అన్నాడు. తెల్లవారేసరికి లోపల రక్తస్రావమని తేలింది. మళ్ళీ ఆపరేషన్ చేసి బతికించారు. కేసు షీటులో నా వంతుగా మిగిలింది ఒక్క ముక్క: "డాక్టరుకు తెలియజేయడమైనది." నేనేం గమనించాను, ఎలా గమనించాను అన్నదానికి చోటే లేదు.

ఆ చూపుకు పేరుందని ఎమ్మెస్సీలో తెలిసింది. నర్సుకు తెలిసేది శాస్త్ర ప్రమాణాలతోనే కాదు. చేతి నైపుణ్యంతో, మనిషిని ఎరగడంతో, నీతితో కూడా తెలుస్తుందని 1978లో బార్బరా కార్పర్ రాసింది. అనుభవమున్న నర్సుల పనిలోనే జ్ఞానం ఇమిడి ఉందని 1984లో పట్రిషియా బెన్నర్ చూపించింది. ఈ హక్కు వాళ్ళకెవరూ దానం చెయ్యలేదు. హిల్డెగార్డ్ పెప్లౌ 1948లో పూర్తిచేసిన పుస్తకం 1952 దాకా అచ్చు కాలేదు. కారణం, పక్కన డాక్టరు పేరు లేకపోవడం!

మరి మనం చేస్తున్నదేమిటి? ఒరెమ్ స్వీయ సంరక్షణ సిద్ధాంతాన్ని పిల్లలచేత బట్టీ పట్టిస్తున్నాం. రోగి తనను తాను చూసుకోలేనప్పుడు నర్సు అవసరమవుతుందంటుంది ఒరెమ్. మన సర్కారు వార్డులో ఆ లోటు పూడ్చేది మంచం పక్కన నేలమీద పడుకున్న కూతురో, కోడలో. కూలి పోగొట్టుకుని వచ్చిన ఆమె శ్రమను ఏ పాఠంలో రాస్తున్నాం? మలమూత్రాలెత్తే ఆయమ్మకు తెలిసిన సంగతులను ఎవరడిగారు? ఒరెమ్ తప్పని కాదు. ఆమె తన నేలమీద నిలబడి ఆలోచించింది. మనమూ మన నేలమీద నిలబడాలి.

డాక్టరు పని 'శాస్త్రం', మన పని 'సేవ'. సేవ అనగానే జీతం అడగడం తప్పయిపోతుంది. మన పనిలో ఆలోచన ఉందని రుజువు చేసేది సిద్ధాంతమే. జీతాల పోరాటం దానితో ముడిపడేది ఇక్కడే.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. చట్టం మారినంత మాత్రాన జ్ఞానం పుట్టదు. మన పరిశీలనలకు కేసు షీటులో చోటు కావాలి. డ్యూటీ గంటల్లోనే చర్చకూ, రాతకూ సమయం కావాలి. తెలుగులో రాసినదాన్నీ పరిశోధనగా గుర్తించాలి. సంస్థల్లో పనిచేసే మిత్రులారా, మీ ఆరోగ్య సర్వేలకు మమ్మల్ని ఫారాలు నింపడానికి పిలుస్తున్నారు. ఇకమీదట ప్రశ్నలు తయారుచేసేటప్పుడే పిలవండి.